కుక్కకి ఫిట్స్ వస్తే తాళాలగుత్తి ఎందుకు?

మన వైపు ఎవరికైనా ఫిట్స్ వచ్చాయంటే చాలు, ఒకరు తాళాలగుత్తి కోసం వెతుకుతారు, ఇంకొకరు ఉల్లిపాయ తెమ్మంటారు. ఏదీ దొరక్కపోతే కాళ్ళూ చేతులూ అదిమి పట్టుకోవడం ఎలాగూ ఉంది. కాసేపటికి ఫిట్స్ వాటంతటవే ఆగిపోతాయి. పేరు మాత్రం ఇనుముకి వస్తుంది.

మే నెల చివర్లో మస్కట్‌లోని మా ఫ్లాట్‌లో లడ్డుగాడికి మొదటిసారి ఫిట్స్ వచ్చినప్పుడు, వీడియో కాల్‌లో ఉన్న మా అమ్మ కూడా అదే అంది. "ఒరేయ్, ముందు వాడి దగ్గర ఇనుప ముక్క ఏదైనా పెట్టరా!" కుక్క గుప్పిట్లో తాళాలు ఎలా పెట్టాలో ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు. నాలుగేళ్ళ లడ్డు వాదీ కుక్క. ఇక్కడ ఎండిపోయిన వాగుల్ని వాదీలంటారు. వాటి వెంబడి తిరిగే ఊరకుక్కలకీ అదే పేరు పడిపోయింది.

ఆ సమయంలో చెయ్యాల్సింది చాలా తక్కువ. టీపాయ్ పక్కకి లాగాను, ఫోన్లో టైము చూశాను, మా ఆవిడ వీడియో తీసింది. 1 నిమిషం 40 సెకన్లు. ఏమీ చెయ్యకుండా నిలబడడం అంత కష్టమని నాకు అప్పటిదాకా తెలీదు. నాలుక మింగేస్తుందన్నది వట్టి మాట. మింగదు గానీ, స్పృహలేని దవడల మధ్య పెట్టిన వేళ్ళు మాత్రం నలిగిపోతాయి.

అసలు కష్టం ఆగాకే మొదలైంది. గంటసేపు గోడలకి గుద్దుకుంటూ తిరిగాడు. కళ్ళు కనపడుతున్నట్టు లేవు. నన్ను చూసి గుర్రుమన్నాడు. ఈ స్థితి కొన్ని నిమిషాలే ఉండొచ్చు, ఒక్కోసారి రోజు దాటొచ్చు. అప్పుడు దగ్గరికి తీసుకుని ముద్దు చెయ్యకూడదు, చిన్నపిల్లల్ని దూరంగా ఉంచాలి. లైట్లు తగ్గించి, ఏసీ వేసి, వాడు సరిగ్గా నిలబడ్డాక కొంచెం నీళ్ళు పెట్టాం. ఫిట్స్‌లో ఒళ్ళు వేడెక్కుతుంది, పైగా ఇక్కడి ఎండ. వడదెబ్బ వల్ల కూడా ఫిట్స్ రావచ్చు. అందుకే డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న "ఎండలో తిప్పారా?" అని, రెండోది "ఏం తిన్నాడు?" అని. చాక్లెట్, షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్‌లో ఉండే జైలిటాల్ కుక్కలకి విషం.

రక్తపరీక్షల్లో గ్లూకోజ్, కాల్షియం, లివర్ అన్నీ బాగానే ఉన్నాయి. ఆరు నెలలు, ఆరేళ్ళ మధ్య వయసులో మొదలై, పరీక్షల్లో ఏమీ దొరకని ఫిట్స్ చాలావరకు కారణం తెలియని ఎపిలెప్సీయే. ఒక్కసారి వచ్చి ఆగిపోతే సాధారణంగా వెంటనే రోజువారీ మందులు మొదలుపెట్టరు. ఆరు నెలల్లో రెండుసార్లు వస్తే ఆలోచిస్తారు. ఐదు నిమిషాలు దాటినా, ఒకే రోజులో మళ్ళీ వచ్చినా మాత్రం అర్ధరాత్రయినా కారెక్కించాల్సిందే.

ఎక్కువగా వాడే మందు ఫినోబార్బిటాల్. 1912 నుంచి మనుషుల మూర్ఛకి వాడుతున్నదే. ఒకసారి మొదలుపెట్టాక మనంతట మనం ఆపకూడదు, ఆపితే ఫిట్స్ ఇంకా తీవ్రంగా తిరగబెడతాయి. ఇది నియంత్రణలో ఉండే మందు కూడా. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళ సూట్‌కేసులో ఆవకాయతో పాటు ఓ స్ట్రిప్ తెప్పించుకుందామనే మన అలవాటు ఇక్కడ పనికిరాదు, ఆ తెచ్చే మనిషి ఎయిర్‌పోర్టులో ఇరుక్కుంటాడు.

నాకు కోపం తెప్పించింది ఒక సలహా. "వాదీలోంచి వచ్చిందేగా, వాదీలోనే వదిలెయ్ అన్నా. నీ వీసాకే గ్యారంటీ లేదు, రోగిష్టి కుక్కనేం చేస్తావ్?" అన్నాడు తెలుగువాడే, మంచివాడే. వీసా సంగతి నిజమే. కానీ ఎండలో, నీడలేని చోట, ఫిట్స్ వచ్చి పడిపోయిన కుక్కకి టైము ఎవరు చూస్తారు? ఒక్కసారి వచ్చిన ఫిట్స్‌ని జీవితకాలపు తీర్పుగా చదవడం, ఒక్కసారి క్రాషయిందని సర్వర్‌ని చెత్తబుట్టలో వేసినట్టుంది. మా ఉద్యోగంలో అలా చేస్తే మేనేజర్ ఊరుకోడు, ముందు లాగ్స్ చూడమంటాడు.

నేననేదీ లాగ్స్ గురించే. డాక్టరు ముందుకి వెళ్ళేసరికి కుక్క తోకూపుతూ నిలబడుతుంది. ఏం జరిగిందో అది చెప్పలేదు, డాక్టరు చూడలేదు. చూసింది మనమే. తేదీ, సమయం, ఎన్ని సెకన్లు, ఏ కాలు ముందు కొట్టుకుంది, అంతకుముందు ఏం తిన్నాడు, మామూలు మనిషవడానికి (లడ్డుని మనిషనే అంటాం ఇంట్లో) ఎంతసేపు పట్టింది, ఇవన్నీ రాసిపెట్టాలి. దొస్తోయెవ్‌స్కీ తన మూర్ఛల్ని నోటుబుక్కుల్లో తేదీలతో సహా రాసుకునేవాడు. "ఇడియట్"లో ప్రిన్స్ మిష్కిన్‌కి ఆ జబ్బు ఇచ్చినవాడు, తన లెక్క తానే రాసుకున్నాడు. లడ్డుకి ఆ వీలు లేదు కాబట్టి వాడి నోటుబుక్కు మా ఫ్రిజ్ మీద ఉంటుంది.

అందులో ఒకటే ఎంట్రీ ఉంది. ఐదు నెలలయింది. ఆరో నెల ఎప్పుడు దాటుతుందా అని మా ఆవిడ క్యాలెండర్లో చుక్కలు పెడుతోంది.