పాట కావాలంటే పాడే మనిషిని అడగాలె

ఆస్ట్రేలియాలో పిల్లల చదువులో ఆదివాసుల, టారెస్ జలసంధి దీవుల జనం చరిత్ర, సంస్కృతి అన్ని సబ్జెక్టుల్లోనూ రావాలని పాఠ్యప్రణాళికలో రాసుకున్నారు. సంగీతం క్లాసులోనూ రావాలన్నమాట. మంచిదే. అయితే క్లాసులోకి వచ్చేది పాట ఒక్కటేనా, ఆ పాట గల మనిషి కూడానా? బడిపంతుల్ని కాబట్టి నాకు ముందు ఈ ప్రశ్నే తోస్తది.

1788లో ఇంగ్లీషువాళ్లు దిగేనాటికి అక్కడ 250కి పైగా భాషలున్నాయి. అన్ని భాషల జనానికీ కలిపి ఒక్క 'ఆదివాసీ సంగీతం' ఎక్కడిది? అయినా బయటివాళ్లకు ఆదివాసి పాటంటే డిడ్జరిడూ ఒక్కటే. చెదలు తొలిచిన కొయ్యతో చేసే ఆ పొడుగాటి ఊదే వాద్యం ఉత్తరాది జనాలది. ఆర్నెమ్ ల్యాండ్‌లోని యోలంగు జనం దాన్ని యిడాకి అంటారు. దక్షిణాది తెగలకు అది తాతలనాటిది కాదు. 2008లో ఆడపిల్లల కోసం అచ్చేసిన ఒక పుస్తకంలో దాన్ని ఊదడం నేర్పబోయారు. అది మగవాళ్ల వాద్యం, మా కట్టుబాటుకు విరుద్ధం అని ఆదివాసీ విద్యావేత్తలు అభ్యంతరం పెడితే ప్రచురణకర్తలు క్షమాపణ చెప్పుకున్నారు. ఆడపిల్ల ఊదితే తప్పేంటని మనలో కొందరు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. కాని తేల్చుకోవాల్సింది ఆ ఇంటి ఆడా మగా. పుస్తకాల కంపెనీకి ఏం పని?

యోలంగుల మనికాయ్ పాటల్లో ఒక్కో పాట ఒక్కో వంశం సొత్తు. అందులో వాళ్ల నేల, నీళ్లు, పూర్వీకులు ఉంటారు. మన లెక్కలో భూమి పట్టా లాంటిదనుకోండి. ఇంకొకరి పట్టా మన పిల్లల చేత బట్టీ పట్టిస్తామా? అట్లాగని తప్పు జరుగుద్దేమోనని భయపడి అసలు జోలికే పోని పంతులు చేసేదీ వెలివేతే.

దారి చూపినాయన ఒకరున్నారు, డాక్టర్ యునుపింగు. 2013లో పోయారు. పోయినవారి సొంత పేరు కొంతకాలం పలక్కపోవడం ఆ జనం ఆచారం, అందుకని ఇంటిపేరే రాస్తున్న. ఆర్నెమ్ ల్యాండ్ ఆదివాసుల్లో మొట్టమొదట డిగ్రీ చదివినవాడు. 1990లో యిర్కాలా ఊరి బడికి హెడ్మాస్టరయ్యాడు. యోతు యిండి బృందంతో 1991లో 'ట్రీటీ' పాట తెచ్చి, మాతో చేసుకుంటామన్న ఒప్పందం ఏదని ప్రభుత్వాన్ని నిలదీసిందీ ఆయనే. ఉప్పునీళ్లూ మంచినీళ్లూ కలిసేచోటు లెక్క రెండు చదువులూ సరిసమానంగా నడవాలన్నాడు. మరి 2008లో ఆ ఉత్తర ప్రాంత ప్రభుత్వం ఏం చేసింది? బడిలో మొదటి నాలుగు గంటలూ ఇంగ్లీషులోనే చెప్పాలని హుకుం వేసింది. పాట కావాలి, పాట పుట్టిన భాష వద్దు!

కాబట్టి ఆ ఊరి పెద్దను పిలవాలి. ఏ పాట నేర్పాలో, రికార్డు చెయ్యొచ్చో లేదో ఆయనో ఆమో చెప్పాలి. వద్దంటే వద్దే. పంతులుకిచ్చినట్టే జీతం ఇవ్వాలి, శాలువా కప్పి పంపితే చాలదు. అందరి కోసం పాడిన పాటలూ ఉన్నాయి. ప్రభుత్వం ఆదివాసీ బిడ్డల్ని తల్లుల ఒళ్లోంచి ఎత్తుకుపోయిన సంగతిని ఆర్చీ రోచ్ 1990లో పాటగా తెచ్చాడు. ఆయన్నూ చిన్నప్పుడు అట్లాగే తీసుకుపోయారు. ఆ పాట నేర్పే టీచరు రాగం దగ్గరే ఆగిపోతే కుదరదు, ఆ కథా చెప్పాలి.

మన దగ్గర బడి వార్షికోత్సవానికి డప్పు కొట్టిస్తారు. కొట్టినాయన్ని స్టాఫ్ రూంలో కుర్చీ వేసి కూచోబెట్టి, పిల్లలకు దరువు నేర్పమని అడిగి, గంటకింతని డబ్బు కట్టిన బడి మీ మండలంలో ఏదైనా ఉంటే ఈ పత్రికకు రాయండి.