రాత్రి రెండింటికి ఎవరు లేవాలి?

“మొదటి రెండు మూడు రాత్రులు ఏడుస్తుంది, పట్టించుకోకండి. జాలిపడి తలుపు తీశారా, ఇక జన్మలో మాట వినదు.” కుక్కపిల్లను తెచ్చుకున్న ఇంటికి రాయచూరు జిల్లాలో ఇవాళ ముందుగా అందే సలహా ఇది. అమ్మినవాడు చెబుతాడు, పక్కింటాయన చెబుతాడు, ఫోన్లో వీడియో చెబుతుంది. సింధనూరు చుట్టుపక్కల వలస రైతుల క్యాంపుల్లో, శక్తినగర్ క్వార్టర్సులో, రాయచూరు పాతబస్తీ సందుల్లో ఒకటే మాట. ఇనుప తీగల బోను కొనాలి, అడుగున పాత దుప్పటి పరవాలి, రాత్రి తొమ్మిదింటికి పిల్లను లోపల పెట్టి గడియ వేయాలి, తెల్లవారి ఆరింటికి తీయాలి. వారం తిరిగేసరికి ఇల్లు పాడుచేయడం మానేస్తుందని భరోసా.

ఈ సలహా తప్పు. పిల్లను బాధపెడుతుంది కాబట్టి తప్పు అన్నది ఒక సంగతి. ఏ అలవాటు చేయడానికని బోను కొంటున్నారో ఆ అలవాటునే అది మొదలంటా నరుకుతుంది. నా అసలు అభ్యంతరం అది.

కుక్కపిల్ల ఒంట్లో జరిగేదేమిటో చూడండి. పుట్టిన కొత్తలో అది తనంత తాను మూత్రం కూడా పోయలేదు. తల్లి నాలుకతో నాకితేనే వస్తుంది, తల్లే శుభ్రం చేస్తుంది. మూడు వారాలు నిండి కాళ్లు నిలదొక్కుకోగానే పక్క వదిలి నాలుగడుగులు అవతలికి వెళ్లి కూర్చోవడం మొదలుపెడుతుంది. ఎవరూ నేర్పని గుణం అది: పడుకునే చోటు పొడిగా ఉండాలి. బోను పద్ధతి మొత్తం ఈ ఒక్క గుణం మీదే నిలబడి ఉంది. పక్క తడపడం పిల్లకు ఇష్టం ఉండదు కాబట్టి ఆపుకుంటుంది, మనం వచ్చి బయటికి తీసుకెళ్తాం, బయటే పోయాలని నేర్చుకుంటుంది. లెక్క ఇదే, ఇందులో పొరపాటు లేదు.

పొరపాటు గంటల్లో ఉంది. ఎన్ని నెలల పిల్లయితే అన్ని గంటలకు ఇంకొక గంట కలిపితే అది ఆపుకోగలిగిన వ్యవధి అని పెంపకందారులు చెప్పే అంచనా. రెండు నెలల పిల్ల అంటే మూడు గంటలు. నిద్రలో కాస్త ఎక్కువ సాగవచ్చు. తొమ్మిదింటి నుంచి ఆరింటి దాకా తొమ్మిది గంటలు. పైగా మనకు అమ్ముతున్నవి చాలాసార్లు రెండు నెలల పిల్లలు కూడా కావు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనలు స్పష్టంగా చెబుతున్నా, నలభై రోజుల పిల్లను హైదరాబాదు నుంచి అట్టపెట్టెలో పెట్టి బస్సెక్కించేవాళ్లు ఉన్నారు. దాని చేత తొమ్మిది గంటలు ఆపించడం ఎవరి తరమూ కాదు. ఆ వయసుకు ఒంట్లో అంత పట్టు ఏర్పడి ఉండదు.

అప్పుడేమవుతుంది? పదకొండింటికి మెలకువ వస్తుంది. కుయ్యిమంటుంది. ఎవరూ రారు. గొంతు పెంచుతుంది, తీగల్ని గీరుతుంది, అదే జాగాలో గుండ్రంగా తిరుగుతుంది. ఆ గుండ్రంగా తిరగడమే బయటికి తీసుకెళ్లమని అడగడం. అయినా ఎవరూ రారు. చివరికి వదిలేస్తుంది. తెల్లవారి వెళ్లి చూస్తే దుప్పటిని మూతితో ఒక మూలకు నెట్టి, దాని మీద పొడిగా మిగిలిన అంచు మీద ముడుచుకుని ఉంటుంది. పొట్ట కింద వెంట్రుకలు తడిసి అంటుకుని ఉంటాయి, గోళ్ల సందుల్లో మలం ఎండి ఉంటుంది. ఆ అంచు మీద ముడుచుకున్న తీరు చూడండి. ఆ గుణం దానిలో ఇంకా బతికే ఉంది. ఇంకో నాలుగైదు రాత్రులు ఇలాగే గడిస్తే అంచు వెతకడం మానేస్తుంది. తడిలోనే పడుకుంటుంది. దుకాణాల్లో తీగల బోనుల్లో పెరిగిన పిల్లల్లో చాలావాటికి ఈ గుణం చచ్చిపోయి ఉంటుంది. వాటికి శుభ్రత నేర్పడం ఎంత కష్టమో తెచ్చుకున్నవాళ్లను అడగండి.

అయితే అరుపులు మాత్రం తగ్గుతాయి. అది చూసి “చూశారా, సర్దుకుంది” అంటారు. సర్దుకోలేదు, అడగడం మానుకుంది. రాత్రి బయటికి వెళ్లాలని చెప్పడానికి దానికి ఉన్నది గొంతు ఒక్కటే. ఆ గొంతుకు జవాబు రాదని నేర్పించాక, ఆరు నెలల కుక్క చప్పుడు చేయకుండా సోఫా వెనక పోస్తోందని కోప్పడితే లాభమేమిటి?

ఏడుపు గురించి మరో మాట. మూత్రం రాకపోయినా మొదటి రాత్రి పిల్ల ఏడుస్తుంది, నిజమే. అమెరికాలోని బార్ హార్బర్‌లో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కుక్కపిల్లల ఎదుగుదలను గమనించి 1965లో పెద్ద పుస్తకం ప్రచురించారు. పన్నెండు వారాల లోపు కాలం కుక్క జీవితంలో ఎంత కీలకమో లోకానికి తెలిపింది ఆ పని. తోడు లేకుండా, ఎరగని చోట ఒంటరిగా ఉంచిన పిల్ల ఎంతగా గోల పెడుతుందో ఆ పరిశోధనల్లో నమోదైంది. నిన్నటి దాకా తల్లి పొట్టకు, తోబుట్టువులకు ఆనుకుని పడుకున్న ప్రాణి అది. దాన్ని వంటింటి అవతల చీకటి గదిలో పెట్టి గడియ వేస్తే ఏడవదా?

జాలిపడితే నెత్తికెక్కుతుందనే భయం వెనక ఒక పాత సిద్ధాంతం ఉంది. తోడేళ్ల గుంపులో ఒకటి పెత్తనం చేస్తుంది, మిగతావి లొంగి ఉంటాయి, కుక్క తోడేలు సంతతి కాబట్టి ఇంట్లో పెత్తనం మనది కావాలి అన్నది దాని సారాంశం. ఈ మాటకు ప్రచారం తెచ్చిన పుస్తకాల్లో ముఖ్యమైనది 1970లో వచ్చిన డేవిడ్ మెచ్ పుస్తకం. ఆయనే తర్వాత ఆర్కిటిక్ ప్రాంతంలో అడవి తోడేళ్లను ఏటేటా దగ్గరగా గమనించి, గుంపు అంటే అమ్మానాన్నలూ వాళ్ల పిల్లలూ ఉన్న కుటుంబమేనని 1999లో రాశారు. తన పాత పుస్తకాన్ని ఇక ముద్రించవద్దని ప్రచురణకర్తను కోరారు. రాసినవాడే వెనక్కి తీసుకున్న మాటను పట్టుకుని మనం రెండు కిలోల పిల్లతో పెత్తనానికి పోటీ పడుతున్నాం.

ఇక మన ఊళ్ల సంగతి. కృష్ణకు, తుంగభద్రకు నడుమ ఉన్న ఈ జిల్లాలో మే నెల పగలు 40 డిగ్రీలు దాటడం మామూలు. అర్ధరాత్రి కూడా గోడలు వేడి కక్కుతాయి. రేకుల వరండా అయితే చెప్పనక్కర్లేదు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాచి రొప్పి ఒంటి వేడి బయటికి పంపాలి, అలా రొప్పినప్పుడు ఒంట్లో నీరు ఆవిరవుతుంది. మూడు వైపులా మూసి ఉన్న ప్లాస్టిక్ బోనులో గాలి ఆడదు. కరెంటు పోయి ఫ్యాను ఆగితే మనం లేచి డాబా ఎక్కుతాం, అది ఎక్కడికి వెళ్తుంది? దీనికి తోడు “రాత్రి ఏడు దాటాక నీళ్లు పెట్టకండి, పోయడం తగ్గుతుంది” అంటారు. చలిదేశాల్లో, ఏసీ గదుల్లో పుట్టిన సలహా అది. రాయచూరు వేసవిలో చిన్న పిల్లకు నీళ్లు ఆపడం ప్రాణం మీదికి తెస్తుంది. ఆపాల్సింది నీళ్లను కాదు, రాత్రి తొమ్మిదింటికి గిన్నెడు గేదెపాలు, అన్నం కలిపి పెట్టడాన్ని. ఆ పాలు చాలా పిల్లలకు అరగవు, విరేచనం పలచనవుతుంది. తిన్న పావుగంటకో అరగంటకో బయటికి వెళ్లాల్సిన ప్రాణికి తొమ్మిదింటికి తినిపించి తొమ్మిదింబావుకి గడియ వేస్తే తప్పు దానిదెలా అవుతుంది? ఏడు లోపే తినిపించండి.

“మన తాతల కాలంలో ఈ గొడవలేవీ లేవు, గొలుసు వేసి దొడ్లో కట్టేసేవాళ్లు” అనే పెద్దలకూ ఒక జవాబు ఉంది. మన పొరుగున బాగల్‌కోటె జిల్లాలో పుట్టిన ముధోల్ కుక్కను చూడండి. 2005లో తపాలా శాఖ స్టాంపు వేసిన దేశవాళీ జాతుల్లో అదొకటి, సైన్యం కూడా శిక్షణకు తీసుకుంది. ఆ జాతిని తరతరాలుగా నిలబెట్టిన పల్లె ఇళ్లలో పిల్లకు బోను లేదు. గడప మీదో అరుగు కిందో పడుకునేది, అవసరమైతే లేచి దిబ్బ దాకా వెళ్లి వచ్చేది. పక్క వదిలి వెళ్లే దారి తెరిచి ఉండేది, అంతే. పాతకాలం నుంచి నేర్చుకోవాల్సింది ఆ తెరిచిన దారిని. గొలుసును కాదు. పోసిన చోట మూతి రాయడం, చెప్పుతో కొట్టడం కూడా పాతకాలపు పద్ధతులే. వాటివల్ల కుక్క నేర్చుకునేది మన కంటబడకుండా పోయడం ఒక్కటే.

సరే, ఏం చేయాలి? లేవాలి. ఈ జిల్లాలో రాత్రి లేవడం కొత్త సంగతి కాదు. 1950ల నుంచి కృష్ణా, గోదావరి జిల్లాల వాళ్లు తుంగభద్ర ఎడమ కాలువను నమ్ముకుని ఇక్కడికి వచ్చి క్యాంపులు కట్టుకున్నారు. కాలువ చివరి భూముల రైతు నీటి వంతుకు అర్ధరాత్రి టార్చి పట్టుకుని గట్టు మీద నిలబడతాడు. గేదె ఈనుతుంటే తెల్లవార్లూ కూర్చుంటాడు. శక్తినగర్ థర్మల్ విద్యుత్ కేంద్రంలో, హట్టి బంగారు గనిలో పనిచేసేవాళ్లకు షిఫ్టులు అలవాటే. పొలానికి, పాడికి, జీతానికి లేచే మనిషి తానే కోరి ముద్దుకు తెచ్చుకున్న పిల్లకు లేవలేడని నేను ఒప్పుకోను.

పిల్ల పక్కను మీ మంచం పక్కనే వేయండి. గోనెసంచి మీద పాత చీర మడిచి వేస్తే చాలు. చేయి కిందికి వేలాడేస్తే తగిలేంత దగ్గరగా ఉంటే సగం ఏడుపు అక్కడే పోతుంది, అది కదిలినప్పుడు మీకూ మెలకువ వస్తుంది. పడుకునే ముందు పదకొండింటికి ఒకసారి, రెండింటికి ఒకసారి, ఐదింటికి ఒకసారి ఎత్తుకుని తీసుకెళ్లండి. నడిపిస్తే దారిలోనే పోసేస్తుంది. లైట్లన్నీ వేయకండి, ఆట మొదలుపెట్టకండి. రోజూ ఒకే చోట దింపండి. పోసిన ఆ క్షణంలోనే మెత్తగా మెచ్చుకోండి, లోపలికి వచ్చాక మెచ్చుకుంటే దేనికో దానికి తెలియదు. ఆ చోటు మీ ప్రహరీ లోపలే ఉండాలి. టీకాలు పూర్తికాని పిల్లను వీధి మట్టిలో దింపకూడదు, పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. వరిపొలాల పక్క క్యాంపుల్లో పాములు, తేళ్లు ఉంటాయి, టార్చి లేకుండా అడుగు పెట్టొద్దు. మేడమీద వాటాల్లో ఉండేవాళ్లు వెడల్పాటి టబ్బులో మట్టి పోసి బాల్కనీలో ఉంచుకోవచ్చు. పిల్ల ఎదిగేకొద్దీ రెండింటి వంతు మూడుకు, నాలుగుకు జరుగుతుంది, తర్వాత దాని అవసరమే ఉండదు.

నేల గురించి ఎవరూ చెప్పరు కాబట్టి చెబుతున్నాను. మన ఇళ్లలో ఎక్కువగా ఉన్నవి షాబాద్ బండలు. సున్నపురాయి అది, తడిని పీల్చుకుంటుంది. బండల సందుల్లోకి దిగిన మూత్రం పైన తుడిస్తే పోదు. ఫినాయిలు పోస్తే మన ముక్కుకు ఆ ఘాటు తప్ప ఇంకేదీ తెలియదు, కుక్క ముక్కుకు కింద ఉన్న పాత వాసన తెలుస్తూనే ఉంటుంది. అది మళ్లీ అక్కడికే వెళ్తుంది. ఫినాయిలు అంటిన పాదాలు నాకితే దాని ఒంటికీ మంచిది కాదు. వీడియోల్లో చెప్పే వెనిగరు షాబాద్ బండ మీద పోస్తే రాయి నురగ కక్కి మెరుగు పోతుంది. ముందు తడి అంతా గుడ్డతో అద్ది, ఎంజైములున్న బట్టల సబ్బుపొడి నీళ్లలో కలిపి సందుల్లో నానేలా పోసి, తర్వాత మంచినీళ్లతో కడగండి.

బోనును పూర్తిగా విసిరేయమని నేను అనడం లేదు. తలుపు తీసి ఉంచిన బోనులోకి పగలు తనంత తాను వెళ్లి పడుకునే కుక్కకు రైలు ప్రయాణంలో, పశువైద్యుడి దగ్గర అది ఎంతో పనికొస్తుంది. గడియ వేసి వెళ్లి పడుకోవడం వేరు. స్వీడన్‌లో ఇంట్లో కుక్కను బోనులో బంధించి ఉంచడానికి చట్టం ఒప్పుకోదు. ప్రయాణం, పోటీలు వంటి కొన్ని సందర్భాలకే అనుమతి. అక్కడి కుక్కలూ బయటికి వెళ్లడం నేర్చుకుంటూనే ఉన్నాయి. మన దేశంలో కూడా 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్, కదలడానికి చాలినంత చోటు లేని బోనులో జంతువును ఉంచడాన్ని నేరంగా చెబుతోంది. అటూ ఇటూ తిరగడానికి వీల్లేనంత చిన్న బోను కొంటేనే పక్క తడపదని చెప్పే అమ్మకందారులు ఆ సెక్షన్ ఒకసారి చదవాలి.

చివరిగా ఇంటి మగవాళ్లకు ఒక మాట. కుక్కపిల్లను ముచ్చటపడి తెచ్చేది చాలా ఇళ్లలో మీరో, మీ పిల్లలో. తెల్లవారి బోను కడిగేది, దుప్పటి ఉతికేది, మూడు రాత్రుల ఏడుపు విని నిద్ర లేక వంటింట్లో నిలబడేది ఇంటి ఇల్లాలు. తెచ్చినవారే లేవాలి. రెండు నెలల పాటు రాత్రి లేవగలిగినవారు ఇంట్లో ఒక్కరూ లేకపోతే ఈ ఏడు పిల్లను తేకండి. ఏడాది దాటిన కుక్కను తెచ్చుకోండి. మీ వీధిలోనే అలాంటిది ఒకటి ఉంటుంది. రాత్రంతా ఆపుకోగల వయసు దానికి ఎప్పుడో వచ్చింది.