రాజధాని ప్రాంతం ప్లాన్‌లో మన వార్డు మాట కూడా ఉండాలి!

భిలాయి తెలుగు అన్నదమ్ములారా, అక్కచెల్లెళ్లారా!

ఖుర్సీపార్, కేంప్-1, కేంప్-2, సుపేలా, సెక్టర్లు, రిసాలీ, చరోడా... మీరు ఎక్కడున్నా సరే, ఈ కరపత్రం చివరిదాకా చదవండి. చదివాక పక్కింటివాళ్లకు ఇవ్వండి.

2025 జులైలో ఛత్తీస్‌గఢ్ శాసనసభ రాష్ట్ర రాజధాని ప్రాంత చట్టాన్ని ఆమోదించింది. రాయ్‌పూర్, నవా రాయ్‌పూర్, దుర్గ్, భిలాయి ఇకమీద ఒకే ప్రాంతం. దానికి ముఖ్యమంత్రి అధ్యక్షతన ఒక ప్రాధికార సంస్థ. ఏ భూమి దేనికి వాడాలి, రోడ్లు ఎటు వెళ్లాలి, ఇళ్లు ఎక్కడ కట్టాలి అన్న పెద్ద నిర్ణయాలు ఇక ఈ ప్రాంతం మొత్తాన్ని కలిపి జరుగుతాయి.

అందరూ కలిసి ప్లాన్ వేసుకోవడం మంచిదే. మనం దాన్ని కాదనడం లేదు. దుర్గ్, భిలాయి, రిసాలీ, భిలాయి-చరోడా అని నాలుగు నగర నిగమ్‌లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. 2019లో భిలాయి నుంచి రిసాలీ విడిపోయింది కదా అని మురుగు కాల్వ ఆ హద్దు దగ్గర ఆగదు. దుర్గ్ తాగేదీ శివనాథ్ నీళ్లే, భిలాయి నిగమ్ తెచ్చేదీ శివనాథ్ నీళ్లే. ఉక్కు ప్లాంటుకు నీళ్లు తాందుల, గంగ్రేల్ డ్యాముల నుంచి రావాలి. చదువుకో ఉద్యోగానికో మన పిల్లలు రోజూ రాయ్‌పూర్ వెళ్లి వస్తున్నారు. ఇవేవీ ఒక్క నిగమ్ వల్ల అయ్యే పనులు కావు.

కానీ ఆ ప్లాన్ గీసే చోట మన తరఫున మాట్లాడేది ఎవరు?

మనం నిన్నమొన్న వచ్చినవాళ్లం కాదు. 1955లో భిలాయి ఉక్కు ప్లాంటు కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి మన పెద్దవాళ్లు పనికోసం ఇక్కడికి వచ్చారు. ప్లాంటు కోసం ఛత్తీస్‌గఢీ రైతులు పొలాలు పోగొట్టుకున్నారు. వాళ్ల నేల మీద, వాళ్ల పక్కనే మనం మూడు తరాలుగా బతుకుతున్నాం. ప్లాన్‌లో మాట కోసం ఈ పోరాటం వాళ్లదీ, మనదీ కలిపి ఒక్కటే.

ఇన్నేళ్లూ మన పరిస్థితి అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టే నడిచింది. సెక్టర్లలో ఉన్నవాళ్లు నగర నిగమ్‌కు ఓటు వేసి పార్షద్‌ను గెలిపిస్తారు. కానీ అక్కడ క్వార్టర్లు, కరెంటు, నీళ్లు, రోడ్లు ప్లాంటు నగర సేవా విభాగం చేతిలో ఉంటాయి. పైకప్పు పెచ్చులు ఊడుతున్నాయని పార్షద్‌కు చెబితే నా చేతిలో లేదంటాడు. ముప్పయ్యేళ్లు డ్యూటీ చేసి రిటైరైన మనిషి, క్వార్టర్‌లో ఉండనిచ్చే రిటెన్షన్ ఎన్నాళ్లు ఇస్తారో తెలియక నిద్రపోలేడు. రైలు పట్టాలకు అవతల బస్తీల్లో ఉన్నవాళ్ల బాధ ఇంకో రకం. 1984లోనే అప్పటి మధ్యప్రదేశ్ ప్రభుత్వం పట్నాల్లోని భూమిలేని పేదలకు పట్టాల చట్టం తెచ్చింది. అయినా ఇవాళ రోడ్డు వెడల్పు అనే మాట వినబడితే చాలు, గుండె దడదడలాడే ఇళ్లు మన బస్తీల్లో ఎన్నో ఉన్నాయి.

ఇప్పుడు వీటన్నిటి పైన ఇంకో సంస్థ వచ్చింది. అక్కడా మన మాట లేకపోతే, అర్జీ పెట్టుకోవడానికి మనకు ఇంకో గుమ్మం పెరిగిందన్నమాట, అంతే.

రాజ్యాంగం ఏమంటోందో వినండి. 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉన్న 74వ సవరణలో 243 జెడ్‌ఇ అనే అధికరణం ఉంది. పది లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న మహానగర ప్రాంతానికి ప్లానింగ్ కమిటీ ఉండాలని అది చెబుతోంది. అందులో కనీసం మూడింట రెండు వంతుల మంది ఎన్నికైన పార్షద్‌లు, పంచాయతీ అధ్యక్షులు తమలోంచి ఎన్నుకున్నవాళ్లే కావాలి. 2011 జనాభా లెక్కల్లోనే దుర్గ్-భిలాయి పది లక్షలు దాటింది. అందుకే మనం అడుగుతున్నది దయ కాదు, రాజ్యాంగం ఇచ్చిన హక్కు.

మన కోరికలు ఇవి:

1. రాజధాని ప్రాంతానికి రాజ్యాంగం చెప్పిన మహానగర ప్లానింగ్ కమిటీ వేయాలి. మూడింట రెండు వంతులు ఎన్నికైనవాళ్లే ఉండాలి.

2. నదులు, పెద్ద రోడ్లు, బస్సులు, మురుగు శుద్ధి ప్రాంతం మొత్తానికి కలిపి చూడాలి. బస్తీ గల్లీలు, పార్కులు, అంగడి స్థలాలు, ఇళ్ల మరమ్మతులు వార్డు కమిటీల చేతికి ఇవ్వాలి.

3. వార్డులోనే, నడిచి వెళ్లేంత దూరంలో ఇల్లు చూపించి, తాళం చేతికి ఇచ్చాకే ఏ ఇల్లయినా తీయాలి.

4. ఖాళీగా ఉండి పాడవుతున్న క్వార్టర్ల జాబితా బయటపెట్టాలి. రిటైరైనవాళ్లకు లీజు నిబంధనలు రాతపూర్వకంగా, అందరికీ ఒకేలా ఉండాలి.

5. ప్లాన్ ముసాయిదా ప్రతి వార్డు ఆఫీసులో, మ్యాపుతో సహా, హిందీలోనూ తెలుగులోనూ పెట్టాలి.

మనం చేయాల్సింది కూడా ఉంది. 1973 నగర, గ్రామ నివేశ చట్టం ప్రకారం డెవలప్‌మెంట్ ప్లాన్ ముసాయిదా ప్రకటించాక అభ్యంతరాలు చెప్పుకోవడానికి 30 రోజులు గడువు ఇవ్వాలి. ఆ 30 రోజులు ఎవరికీ తెలియకుండా జారిపోతే తర్వాత ఎంత అరిచినా లాభం లేదు. అందుకని ఇప్పటినుంచే సిద్ధం కావాలి. గల్లీకి ఇద్దరు చొప్పున, అందులో ఒకరు ఆడమనిషి, ముందుకు రావాలి. ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, పట్టా, లీజు, రిటెన్షన్ కాగితాలు ఒకచోట చేర్చుకోండి. మీ పార్షద్‌ను పిలిచి, మా వార్డుకు ఏం గీస్తున్నారని అందరి ఎదుటా అడగండి. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. హిందీలో రాయడం రానివాళ్లకు చదువుకున్న పిల్లలు రాసిపెట్టండి. ఛత్తీస్‌గఢీ, ఒడియా, బెంగాలీ, బిహారీ ఇరుగుపొరుగును కలుపుకోండి. ఒక్క కులం, ఒక్క భాష సంతకాలతో ఈ పని కాదు.

ప్లాన్ అందరిదీ కావాలి! వార్డు మాట చెల్లాలి!
ఇల్లు చూపాకే ఇల్లు తీయాలి!
మూడింట రెండు వంతులు మన హక్కు!

రండి. గల్లీ మీటింగు మీ వాకిట్లోనే పెట్టండి, ఈ వారమే పెట్టండి.

ఇట్లు,
భిలాయి తెలుగు నివాసులు