పేపర్ తెలుగులోనే... ర్యాంకు మాత్రం ఇంగ్లిష్ చేతిలో!

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్షలు తెలుగులో రాసుకోవచ్చు అన్న మాట ఈ మధ్య తరచూ వింటున్నారు కదా. ఎస్‌ఎస్‌సీ ఎంటీఎస్ పరీక్షను హిందీ, ఇంగ్లిష్‌తోపాటు తెలుగు సహా 13 ప్రాంతీయ భాషల్లో పెడతామని 2023 జనవరిలో ప్రకటించారు. 2024 నుంచి జీడీ కానిస్టేబుల్ పరీక్షా ఆ దారిలోకే వచ్చింది. ప్రభుత్వ రంగ బ్యాంకుల క్లర్క్ పరీక్షల విషయంలో కేంద్రం 2021లోనే ఇలాంటి నిర్ణయం తీసుకుంది. మంచి మార్పే. తెలుగు మీడియం విద్యార్థికి లెక్క తెలిసి కూడా ప్రశ్న అర్థంకాక మార్కు పోయే బాధ తప్పింది.

అయితే ‘ఇక ఇంగ్లిష్‌తో పనిలేదు’ అనుకుంటే మాత్రం పొరపాటే. ఎంటీఎస్‌నే తీసుకోండి. మొదటి సెషన్‌లో ఉండే మ్యాథ్స్, రీజనింగ్ కేవలం అర్హత కోసం. మెరిట్ తేలేది రెండో సెషన్‌లో. అక్కడ జనరల్ అవేర్‌నెస్ 25 ప్రశ్నలు, ఇంగ్లిష్ 25 ప్రశ్నలు. ప్రశ్నకు 3 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. అంటే మీ స్థానాన్ని నిర్ణయించే 150 మార్కుల్లో సగం, 75 మార్కులు ఇంగ్లిష్‌వే. జీడీ కానిస్టేబుల్‌లో 80 ప్రశ్నలుంటే అందులో 20 భాష మీద. ఆ భాష ఇంగ్లిష్ లేదా హిందీ, తెలుగు ఎంచుకునే వీల్లేదు.

డిగ్రీ వాళ్ల సంగతి ఇంకా తీవ్రం. సీజీఎల్ పరీక్షా విధానం 2022లో మారింది. టైర్-2 మొదటి పేపర్‌లో మెరిట్‌కు లెక్కించే 390 మార్కుల్లో మ్యాథ్స్‌కు 90, రీజనింగ్‌కు 90, జనరల్ అవేర్‌నెస్‌కు 75 ఉంటే ఇంగ్లిష్‌కు ఏకంగా 135. మ్యాథ్స్ కోచింగ్‌కు నెలల తరబడి తిరిగి, ఇంగ్లిష్‌ను ‘చివర్లో చూసుకుందాంలే’ అని వదిలేసే మన అలవాటు ఎంత ఖరీదైనదో ఈ లెక్కే చెబుతోంది. ఇంగ్లిష్ విభాగం లేని పెద్ద పరీక్షలూ లేకపోలేదు, రైల్వే ఎన్టీపీసీ అలాంటిదే. గ్రూప్-1 మెయిన్స్‌లో ఇంగ్లిష్ అర్హత పేపరే కానీ, అది గట్టెక్కకపోతే మిగతా పేపర్లకు విలువుండదు.

పదో తరగతి అర్హతతో ఇచ్చే ఉద్యోగానికి సగం మెరిట్ ఇంగ్లిష్ మీద పెట్టడం న్యాయమా? నా ఉద్దేశంలో కాదు. ప్రశ్నపత్రం భాష మారినంత సులువుగా మార్కుల పంపకం మారలేదు. కానీ ఆ వాదన తేలేలోపు మీ పరీక్ష తేదీ వచ్చేస్తుంది. కాబట్టి అసలు విషయంలోకి వద్దాం.

తప్పు ఎక్కడ పుడుతోంది?

లావుపాటి గ్రామర్ పుస్తకం కొని మొదటి పేజీ నుంచి రూల్స్ బట్టీ పట్టడం మన దగ్గర మామూలే. అన్ని రూల్స్‌కూ ఒకే సమయం ఇస్తే చాలదు. తెలుగులో ఆలోచించే మనం కొన్నిచోట్ల మాత్రమే పదేపదే జారిపడతాం. ‘స్పాట్ ది ఎర్రర్’ ప్రశ్నల్లో ఎక్కువగా కనిపించేవీ దాదాపు అవే చోట్లు.

మొదటిది మన విభక్తులు. ‘సమస్య గురించి చర్చించారు’ అంటాం కాబట్టి ‘డిస్కస్డ్ అబౌట్ ది ప్రాబ్లమ్’ అని రాసేస్తాం. ‘అబౌట్’ అక్కర్లేదు. ‘ఢిల్లీకి చేరాడు’లోని ‘కి’ వెళ్లి ‘రీచ్డ్ టు ఢిల్లీ’ అవుతుంది. ‘సహోద్యోగితో పెళ్లయింది’లోని ‘తో’ వల్ల ‘మ్యారీడ్ విత్ ఎ కొలీగ్’ వస్తుంది. ‘బిర్యానీకి ఆర్డర్ ఇచ్చాం’ అంటాం గనుక ‘ఆర్డర్డ్ ఫర్ బిర్యానీ’. ఈ నాలుగింటిలోనూ క్రియ తర్వాత నేరుగా కర్మ రావాలి, మధ్యలో ప్రిపొజిషన్ ఉండకూడదు. తమాషా ఏమిటంటే, చిన్నప్పుడు మనం వల్లెవేసిన విభక్తుల పట్టికలో ‘గురించి’ ఉన్నది ని, ను, ల పక్కనే, ద్వితీయలోనే. అంటే ‘సమస్య’ కర్మే అని మన వ్యాకరణమూ చెబుతోంది!

ఇక్కడే పరీక్షలో ఇంకో మెలిక పెడతారు. అదే మాట నామవాచకంగా వస్తే ప్రిపొజిషన్ కావాలి. ‘ఎ డిస్కషన్ అబౌట్ ది ప్రాబ్లమ్’ సరైనదే. ‘ప్లేస్డ్ ఎన్ ఆర్డర్ ఫర్ బిర్యానీ’ కూడా సరైనదే. ‘డిస్కస్’ కనిపించగానే కళ్లు మూసుకుని ‘అబౌట్’ కొట్టేయకుండా, అది క్రియా, నామవాచకమా అని ఒక్క క్షణం చూడండి.

‘కంటే’ కూడా ఇలాంటిదే. ‘నాకంటే సీనియర్’ అన్నది ‘సీనియర్ దాన్ మీ’ అయిపోతుంది. సీనియర్, జూనియర్, సుపీరియర్, ఇన్ఫీరియర్, ప్రిఫర్... వీటి తర్వాత ‘టు’ రావాలి. ‘ఐ ప్రిఫర్ టీ టు కాఫీ’. ఎస్‌ఎస్‌సీ పేపర్లకు ఇది పాత చుట్టం.

రెండోది ‘నుంచి’. ‘రెండేళ్ల నుంచి’ అన్నా, ‘2022 నుంచి’ అన్నా మనకు ఒకటే మాట. ఇంగ్లిష్‌లో రెండు. కాలం పొడవు చెబితే ‘ఫర్’, మొదలైన బిందువు చెబితే ‘సిన్స్’. పైగా ‘రెండేళ్ల నుంచి గ్రూప్స్‌కు ప్రిపేరవుతున్నాను’ అనే వాక్యంలో క్రియ మనకు వర్తమానంలా వినిపిస్తుంది. అందుకే ‘ఐ యామ్ ప్రిపేరింగ్ ఫర్ గ్రూప్స్ సిన్స్ టూ ఇయర్స్’ అని నోటికి వస్తుంది. ఒకే వాక్యంలో రెండు తప్పులు. ‘ఐ హావ్ బీన్ ప్రిపేరింగ్ ఫర్ గ్రూప్స్ ఫర్ టూ ఇయర్స్’ అనాలి. ఇంటర్వ్యూలో అందరికంటే ముందు దొర్లే తప్పు కూడా ఇదే కావచ్చు. ఎందుకంటే ‘ఎప్పటినుంచి ప్రిపేరవుతున్నావ్?’ అనే కదా మొదట అడిగేది.

గౌరవం ఇస్తే మార్కు పోతుంది!

సబ్జెక్ట్-వెర్బ్ అగ్రిమెంట్‌లో తెలుగు మనకు శత్రువు కాదు, చాలావరకు మిత్రుడే. ‘వన్ ఆఫ్ ది స్టూడెంట్స్ హావ్ ఫెయిల్డ్’ అని ఉందనుకోండి. ‘స్టూడెంట్స్’ చూసి ‘హావ్’ కరెక్టే అనిపిస్తుంది. తెలుగులోకి మార్చి చూడండి. ‘విద్యార్థుల్లో ఒకడు ఫెయిలయ్యాడు’. ఎవరూ ‘ఒకడు ఫెయిలయ్యారు’ అనరు. అసలు కర్త దొరికింది, ‘హాజ్’ రావాలి. మరి ‘హీ ఈజ్ వన్ ఆఫ్ దోజ్ ఆఫీసర్స్ హూ వర్క్ హార్డ్’ అంటే? ‘కష్టపడి పనిచేసే అధికారుల్లో ఆయన ఒకరు’. ‘పనిచేసే’ అన్నది అధికారులందరికీ వర్తిస్తోంది కాబట్టి అక్కడ ‘వర్క్’ బహువచనమే సరి.

అయితే ఇందులో మనవాళ్లకే ప్రత్యేకమైన గుంట ఒకటుంది. ‘ది కలెక్టర్, అలాంగ్ విత్ హిజ్ ఆఫీసర్స్, హావ్ విజిటెడ్ ది విలేజ్’. తెలుగులోకి మారిస్తే ‘అధికారులతో కలిసి కలెక్టర్ గ్రామానికి వచ్చారు’. ‘వచ్చారు’ బహువచనంలా ఉందని ‘హావ్’ వదిలేస్తాం. ఆ ‘రు’ మర్యాద కోసం పెట్టింది, సంఖ్య కోసం కాదు. కలెక్టర్ గారు ఒక్కరే కాబట్టి ‘హాజ్’. తెలుగులోకి మార్చేటప్పుడు మంత్రినీ, మాస్టారినీ కాసేపు ‘వాడు’ చేసేయండి, పరీక్ష హాల్లో మిమ్మల్ని అడిగేవాళ్లెవరూ లేరు. ‘అలాంగ్ విత్’, ‘యాజ్ వెల్ యాజ్’, ‘టుగెదర్ విత్’ ఎక్కడొచ్చినా ఇదే పద్ధతి.

ఆర్టికల్స్ మనకు అసలు లేవు, అందుకే భయం. ‘ది’ ఎక్కడ రావాలో చెప్పడానికి ఈ పేజీ చాలదు గానీ, ‘ఎ’, ‘ఎన్’ తేడా మాత్రం మన లిపి సాయంతో నిమిషంలో తేలిపోతుంది. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూడకుండా ఆ మాటను తెలుగులో రాయండి. అచ్చుతో మొదలైతే ‘ఎన్’, హల్లుతో మొదలైతే ‘ఎ’. ‘అవర్’, ‘ఆనెస్ట్’, ‘ఎమ్మెల్యే’ అచ్చులతో మొదలవుతున్నాయి కాబట్టి ‘ఎన్’. ‘యూనివర్సిటీ’లో య, ‘వన్ రూపీ కాయిన్’లో వ... హల్లులు, కాబట్టి ‘ఎ’. ఒక్క జాగ్రత్త: గోడల మీద రాతల్లో కనిపించే ‘యం.ఎల్.ఎ.’, ‘యస్.ఐ.’ నమ్ముకుంటే మునుగుతారు. ఆ ‘య’ మన ఉచ్చారణలో చేరిందే తప్ప ఇంగ్లిష్‌ది కాదు.

క్వశ్చన్ ట్యాగ్‌ల దగ్గర మన ‘కదా’ దెబ్బతీస్తుంది. మనకు అన్ని వాక్యాలకూ ఒకటే ‘కదా’, అందుకే అన్నిటికీ ‘ఈజంట్ ఇట్’ తగిలిస్తాం. ‘యూ విల్ కమ్’ తర్వాత ‘వోంట్ యూ’ రావాలి. ‘నో సూనర్’ వస్తే ‘దాన్’, ‘హార్డ్లీ’ వస్తే ‘వెన్’, ‘లెస్ట్’ వస్తే ‘షుడ్’ లాంటి జంటలకు తెలుగుతో సంబంధం లేదు, బట్టీయే మార్గం. ఒక పూట చాలు.

ఇక ‘నో ఎర్రర్’ అనే నాలుగో ఆప్షన్. ప్రతి వాక్యంలోనూ తప్పు ఉండి తీరాలని వెతికేవాళ్లు దీని దగ్గరే నష్టపోతారు. ‘టెన్ కిలోమీటర్స్ ఈజ్ ఎ లాంగ్ డిస్టెన్స్ ఫర్ ఎ చైల్డ్’ చూడగానే ‘ఆర్’ ఉండాలనిపిస్తుంది. కానీ పది కిలోమీటర్లను ఒకే దూరంగా చూస్తున్నాం కాబట్టి ‘ఈజ్’ సరైనదే. తెలుగులో ‘పది కిలోమీటర్లు పిల్లాడికి చాలా దూరం’ అంటాం, అక్కడ క్రియే ఉండదు. కాబట్టి తెలుగులోకి మార్చినా ఇక్కడ దారి దొరకదు, రూల్ తెలియాల్సిందే.

తెలియకపోతే గుడ్డిగా పెట్టేయొచ్చా? టైర్-2 లెక్క వేసి చూడండి. నాలుగు ఆప్షన్లున్న నాలుగు ప్రశ్నలకు గుడ్డిగా పెడితే సగటున ఒకటి ఒప్పు, 3 మార్కులు. మూడు తప్పు, 3 మార్కుల కోత. మిగిలేది సున్నా. అదే ప్రతి ప్రశ్నలో ఒక్క ఆప్షన్‌ను ఖాయంగా కొట్టేయగలిగితే, మూడు ప్రశ్నలకు సగటున ఒకటి ఒప్పు, రెండు తప్పు. 3 మార్కులు వచ్చి 2 పోతాయి, 1 మిగులుతుంది. మోడల్ పేపర్ రాసేటప్పుడు జవాబు పక్కనే ఏ ఆప్షన్‌ను ఎందుకు కొట్టేశారో కూడా ఒక ముక్క రాసుకోండి. ‘విభక్తి’, ‘నుంచి’, ‘మర్యాద’ అని ఒక్కో మాట చాలు. పది పేపర్లయ్యాక ఏ మాట ఎక్కువసార్లు వచ్చిందో లెక్కపెట్టి, ఆ అధ్యాయం దగ్గర పుస్తకం తెరవండి.