నుజ్జయిన కారుకు ఆర్‌సీ మిగలకూడదు

దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ వాసులకు విన్నపం

విజయవాడ హైవే మీద హయత్‌నగర్ దగ్గరో, సాగర్ రోడ్డులోనో, ఎల్‌బీ నగర్ ఫ్లైఓవర్ దిగే చోటో ఒక కారు నుజ్జవుతుంది. లోపలివాళ్లు దెబ్బలతో బయటపడతారు. ఆ మర్నాటి నుంచి వాళ్లకు వేరే పరుగు మొదలవుతుంది. పోలీసుల పంచనామా, వెహికిల్ ఇన్‌స్పెక్టర్ తనిఖీ, క్రేన్ కిరాయి, షెడ్డువాడి పార్కింగ్ చార్జీ, సర్వేయర్ ఫొటోలు, మధ్యలో ఈఎంఐ కోసం ఫైనాన్స్ వాళ్ల ఫోన్లు. చివరికి ఇన్సూరెన్స్ కంపెనీ ‘టోటల్ లాస్’ అని తేలుస్తుంది. రిపేరు ఖర్చు పాలసీలో రాసిన బండి విలువలో (ఐడీవీ) 75 శాతం దాటితే అలా తేలుస్తారు. డబ్బు చేతికొస్తే చాలనుకునే ఆ స్థితిలో, తుక్కు ఎక్కడికి పోతోందో, దానితోపాటు ఆర్‌సీ ఎవరి చేతికి వెళ్తోందో ఇంటివాళ్లు అడగరు. ఇక మీదట అందరం అడగాలి.

టోటల్ లాస్ అని తేలిన ప్రతి కారు సంగతీ రవాణా శాఖ రికార్డులోకి ఎక్కాలని మేం కోరుతున్నాం. బాగుచేసే వీల్లేని బండి రిజిస్ట్రేషన్ రద్దు కావాలి. బాగుచేయగలిగిన బండి మళ్లీ తనిఖీ అయ్యాకే రోడ్డెక్కాలి, అది ఒకసారి టోటల్ లాస్ అయిన బండి అని కొనేవాళ్లకు నంబర్ కొట్టగానే కనిపించాలి.

ఇది మనకెందుకు అనుకునేవాళ్లు ముందు డబ్బు లెక్క చూడండి. షోరూం ధర 8 లక్షలున్న కారుకు మూడేళ్లు నిండి నాలుగో ఏడు నడుస్తోందనుకుందాం. మోటార్ టారిఫ్ పట్టిక ప్రకారం 40 శాతం తరుగు. అంటే ఐడీవీ 4 లక్షల 80 వేలు. నాలుగేళ్లు దాటితే సగానికి సగం. కొన్నప్పుడు కట్టిన జీవితకాల పన్ను ఆ లెక్కలోకే రాదు. లోన్ ఉంటే వచ్చిన సొమ్ములోంచి బ్యాంకు తన బాకీ ముందు పట్టుకుంటుంది. ఇన్‌వాయిస్ ధర మొత్తం ఇచ్చే ‘రిటర్న్ టు ఇన్‌వాయిస్’ కవర్ తీసుకున్న ఇళ్లు తక్కువ. పాలసీ కట్టించుకునే రోజున దాని గురించి విడమరిచి చెప్పే ఏజెంట్లు అంతకన్నా తక్కువ. అదే మోడల్ ఇప్పుడు కొత్తది కొనాలంటే పెరిగిన ధరా పెట్టాలి, పన్నూ మళ్లీ కట్టాలి. పిల్లల్ని కాలేజీకి దింపాలి, అమ్మను డయాలసిస్‌కు తీసుకెళ్లాలి, బండి లేకుండా గడవదు. దాంతో సెకండ్‌హ్యాండ్ కార్ల కన్సల్టెన్సీకి వెళ్తారు.

అక్కడ పాలిష్‌తో మెరుస్తూ కనబడే కార్లలో, నిరుడు ఇంకో రోడ్డు మీద నుజ్జై టోటల్ లాస్ కింద క్లెయిమ్ అయిన కారు ఉండొచ్చు. ఒక ప్రమాదంలో కారు పోగొట్టుకున్న కుటుంబమే మరో ప్రమాదంలో పోయిన కారును తెలియక కొనుక్కోవడం ఎంత ఘోరమో ఆలోచించండి. దీన్ని ఆపడం మన చేతిలో ఉంది.

టోటల్ లాస్ కార్లను వేలంలో అమ్ముతారు. ఆర్‌సీ లేకుండా అమ్మితే తుక్కు ధర, విడిభాగాల ధర పలుకుతుంది. ఆర్‌సీతో అమ్మితే రేటు బాగా పెరుగుతుంది. ఇనుముకు ఆ కాగితం వల్ల బలం రాదు కదా, మరి ఎక్కువ ఎందుకిస్తారు? ఆ నంబర్‌తో బండిని మళ్లీ రోడ్డెక్కించవచ్చు కాబట్టి. ఈ పనికి రెండు దారులున్నాయి.

మొదటిది, అతికించడం. ఇప్పటి కార్లలో చాలావాటికి లారీలకున్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. గుద్దుకున్నప్పుడు ముందుభాగం ముడుచుకుపోయి దెబ్బను తన మీద వేసుకునేలా, లోపల కూర్చున్నవాళ్ల వరకు రానీయకుండా తయారుచేస్తారు. ఒకసారి ముడుచుకున్న ఆ భాగాన్ని లాగి, టింకరింగ్ చేసి, వెల్డింగ్ పెట్టి, పుట్టీ మీద పెయింట్ కొడితే కంటికి కొత్తగానే ఉంటుంది. రెండోసారి గుద్దుకుంటే మాత్రం అది కంపెనీ ఉద్దేశించినట్టు ముడుచుకోదు. ఎయిర్‌బ్యాగ్ ఒక్కసారే పనిచేస్తుంది. సీటుబెల్టును బిగించి పట్టే ప్రీటెన్షనర్ కూడా అంతే. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ 2019 జూలై నుంచి, పక్కసీటుది 2022 జనవరి నుంచి అన్ని కొత్త కార్లకూ తప్పనిసరి. అవి మార్చాలంటే ఖర్చెక్కువ. అందుకని ఎయిర్‌బ్యాగ్ పెట్టకుండానే డ్యాష్‌బోర్డులో దాని హెచ్చరిక లైటు వెలగకుండా చేసే పని జరుగుతోంది. కొన్నవాళ్లు ఎయిర్‌బ్యాగ్ ఉందన్న నమ్మకంతో పిల్లాణ్ణి వెనక కూర్చోబెట్టుకుని హైవే ఎక్కుతారు. మాకు అన్నిటికన్నా భయం కలిగించేది ఇదే.

రెండో దారి దొంగతనం. అదే మోడల్, అదే రంగు కారును దొంగిలించి, తుక్కయిన కారు ఛాసిస్ నంబర్ దాని మీద కొట్టి, తుక్కయిన కారు ఆర్‌సీతో అమ్మేస్తారు. ఢిల్లీ, ఉత్తరప్రదేశ్ పోలీసులు ఇలాంటి ముఠాలను పట్టుకున్నారు. చచ్చిన కారు ఆర్‌సీ బతికి ఉండటమే ఈ దందాకు పెట్టుబడి.

మనవైపు వరదల సంగతి కూడా ఇందులో కలిసే ఉంది. 2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వానకు సరూర్‌నగర్ చెరువు పొంగి కోదండరాంనగర్ వైపు ఇళ్లలోకి నీళ్లొచ్చాయి, కార్లు మునిగాయి. అలా మునిగిన కార్లలో ఏది తుక్కుకు పోయిందో, ఏది ఆరబెట్టి మళ్లీ అమ్మారో కొనేవాళ్లు తెలుసుకునే దారి లేదు.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ ఒకసారి చదవండి. బండి నాశనమైనా, ఎప్పటికీ వాడటానికి వీల్లేకుండా పోయినా యజమాని 14 రోజుల్లోగా, లేదా వీలైనంత త్వరగా, ఆ సంగతి ఆర్టీఏకు తెలిపి ఆర్‌సీ అప్పగించాలి, వాళ్లు రిజిస్ట్రేషన్ రద్దు చేయాలి. యజమాని చెప్పకపోయినా అధికారులే బండిని తనిఖీ చేయించి, బాగుచేయడానికి వీల్లేదని తేలితే రద్దు చేసే అధికారం అదే సెక్షన్‌లో ఉంది. రోడ్డు మీద జనానికి ప్రమాదంగా మారిన బండి రిజిస్ట్రేషన్‌ను సస్పెండ్ చేసే అధికారం 53వ సెక్షన్ ఇస్తోంది. అధికారం ఉంది. ఏ బండి టోటల్ లాస్ అయిందో మలక్‌పేట, నాగోల్ ఆర్టీఏ కార్యాలయాలకు తెలియజేసే కట్టుదిట్టమైన ఏర్పాటు కావాలి.

ఆ సమాచారం ఇన్సూరెన్స్ కంపెనీల దగ్గర ఉంది. పాలసీల వివరాలు, క్లెయిముల వివరాలు సేకరించే ఇన్సూరెన్స్ ఇన్‌ఫర్మేషన్ బ్యూరో మన హైదరాబాద్‌లోనే ఉంది. దేశంలోని బీమా కంపెనీలన్నిటినీ నియంత్రించే ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం నానక్‌రామ్‌గూడలో ఉంది. రవాణా కమిషనర్ కార్యాలయమూ ఈ ఊళ్లోనే ఉంది. ఢిల్లీ దాకా పోనక్కర్లేకుండా, ఒక్క నగరంలో ఉన్న ఈ ముగ్గురూ కూర్చుని మాట్లాడుకుంటే తెలంగాణలో ఇది ఏడాది తిరగకముందే మొదలుపెట్టొచ్చు. అందుకే ఈ పోరాటం హైదరాబాద్‌వాళ్లే ఎత్తుకోవాలంటున్నాం.

వేరే దేశాల్లో ఇది పాత పద్ధతి. బ్రిటన్‌లో బీమా కంపెనీ టోటల్ లాస్ అని వదిలేసిన కారుకు ఒక తరగతి ఇస్తారు. ఏ, బీ తరగతుల కార్లు మళ్లీ రోడ్డు మొహం చూడకూడదు. ఛాసిస్ దెబ్బతిన్నా బాగుచేయగలిగినది ఎస్, ఛాసిస్‌కు దెబ్బ తగలనిది ఎన్. 2017 అక్టోబర్ నుంచి ఈ అక్షరాలు వాడుతున్నారు. అమెరికాలో అయితే కారు యాజమాన్య పత్రం మీదే ‘సాల్వేజ్’ అని ముద్ర పడుతుంది. కొనేవాడు తెలిసి కొంటాడు, ఆ మేరకు ధర తగ్గించి కొంటాడు. మనకూ ఈ తేడా చూపే పద్ధతి కావాలి. పదేళ్ల నాటి చిన్న కారుకు ఐడీవీ తక్కువ కాబట్టి రెండు తలుపులూ ఒక బంపరూ పోయినా లెక్కకు టోటల్ లాస్ కావచ్చు. దాన్ని చంపేయమని మేం అనడం లేదు. తనిఖీ చేయించి, రికార్డులో రాసి, నడుపుకోనివ్వండి.

ఆర్‌సీ రద్దయితే తుక్కుకు రేటు పడిపోయి, ఆ నష్టం బండి పోగొట్టుకున్నవాడి నెత్తినే రుద్దుతారని కొందరు భయపడుతున్నారు. ఆ భయం న్యాయమైనదే. ‘తుక్కు మీరే అమ్ముకోండి, దాని ధర తగ్గించి మిగతాది ఇస్తాం’ అనడం మామూలైపోయింది. కానీ 2024 జూన్‌లో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం మనలాంటి వ్యక్తిగత పాలసీదారులను తుక్కు అమ్ముకోమని అడగకూడదు, దాన్ని తీసుకెళ్లాల్సింది కంపెనీయే. క్లెయిమ్ పెట్టిన 24 గంటల్లో సర్వేయర్‌ను నియమించాలి, 15 రోజుల్లో రిపోర్టు రావాలి, అది అందిన 7 రోజుల్లో కంపెనీ ఏ సంగతో తేల్చాలి. ఈ గడువులు కాగితం మీద రాసుకుని వెళ్లి అడగండి. కంపెనీకి ఫిర్యాదు చేసి నెల దాటినా పరిష్కారం కాకపోతే లక్డీకాపూల్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు.

ఆటోనగర్ షెడ్లలో, చంచల్‌గూడ పాతసామాన్ల దుకాణాల్లో చెమటోడ్చేవాళ్ల పొట్ట కొట్టాలని మాకు లేదు. తుక్కయిన కారు ఇంజన్, తలుపులు, లైట్లు, సీట్లు అమ్ముకోవడం నిఖార్సయిన వ్యాపారం, దాని వల్ల పేదవాడి రిపేరు చవకవుతుంది. ఆర్‌సీ ఒక్కటి ఆ బేరంలోకి రాకూడదు.

బండి పోగొట్టుకున్న సోదరులకు, అక్కచెల్లెళ్లకు ఒక మాట. బండిని వేరేవాళ్ల పేరుకు మార్చే ఫారం 29, ఫారం 30 మీద, అవి ఖాళీగా ఉండగా సంతకం పెట్టి ఎవరికీ ఇవ్వొద్దు. సర్వేయర్ చెప్పినా, ఏజెంట్ తొందరపెట్టినా ఇవ్వొద్దు. రికార్డులో మీ పేరున్నంతకాలం ఆ నంబర్ మీద పడే చలాన్లు మీ ఫోన్‌కే వస్తాయి. ఆ నంబర్‌తో తిరిగే బండి ఎవరినైనా గుద్దితే నోటీసు మీ ఇంటికే వస్తుంది. చేతులు మారుతూ పోయినా రికార్డులో మొదటి యజమాని పేరే మిగిలిన ఒక కారు విషయంలో, పరిహారం బాధ్యత రికార్డులో పేరున్న యజమానిదేనని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంకో నష్టమూ ఉంది. మన రాష్ట్రంలో ఒకే మనిషి పేర రెండో కారు రిజిస్టర్ చేస్తే జీవితకాల పన్ను 2 శాతం ఎక్కువ. పోయిన కారు ఇంకా మీ పేరునే ఉంటే, దాని బదులు కొన్నది రెండో కారు లెక్కలోకి వస్తుంది. లోన్ తీరితే బ్యాంకు నుంచి ఎన్‌వోసీ తీసుకుని, 55వ సెక్షన్ కింద రద్దు కోరుతూ దరఖాస్తు ఇచ్చి, రసీదు దాచుకోండి. ప్రమాదంలో పాడైన కారును యజమాని తుక్కుగా ప్రకటించి గుర్తింపు పొందిన స్క్రాపింగ్ కేంద్రానికి ఇచ్చే వీలును 2021 నిబంధనలు కల్పించాయి. అక్కడిచ్చే డిపాజిట్ సర్టిఫికెట్ చూపిస్తే కొత్త బండి రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు అడగొచ్చు.

సెకండ్‌హ్యాండ్ కారు కొనేవాళ్లు మెరుపు చూసి అడ్వాన్స్ ఇవ్వకండి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైటు కొన్ని సెకన్లు వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే అనుమానించండి. సీటుబెల్టును చివరి దాకా లాగి, అడుగున చీటీ మీద తయారీ సంవత్సరం చూడండి. తలుపు రబ్బరు పక్కకు తీసి కంపెనీ వెల్డింగ్ చుక్కలు వరసగా ఉన్నాయో లేదో మెకానిక్‌ను చూడమనండి. పాత పాలసీ కాపీ అడగండి. నాలుగేళ్ల కారుకు నో క్లెయిమ్ బోనస్ సున్నా ఉంటే, క్లెయిమ్ అయినా అయి ఉండొచ్చు, యజమాని అయినా మారి ఉండొచ్చు. ఏం జరిగిందో చెప్పమనండి. పేరు మార్పుతోపాటు 14 రోజుల్లో పాలసీ కూడా మీ పేరుకు మార్పించుకోండి. లేకపోతే మీ కారుకు జరిగే నష్టానికి పైసా రాకపోవచ్చు.

కన్సల్టెన్సీ యజమానులారా, 2023 ఏప్రిల్ నుంచి పాత బండ్ల డీలర్లు ఆర్టీఏ దగ్గర అనుమతి పత్రం తీసుకోవాలని, బండి తీసుకున్న సంగతి ఫారం 29సీలో తెలపాలని నిబంధన వచ్చింది. ఆ పత్రం షాపులో గోడకు తగిలించండి. ‘ఈ కారు టోటల్ లాస్ క్లెయిమ్ అయినది కాదు’ అని బిల్లు మీద రాసి సంతకం పెట్టివ్వండి. అలా రాసిచ్చే షాపు పేరు కాలనీ కాలనీకి మేమే చెప్తాం.

కాలనీ సంక్షేమ సంఘాలు ఈ నెల సమావేశంలో తీర్మానం చేసి రవాణా కమిషనర్‌కు, ఐఆర్‌డీఏఐకి ఒక్కో ఉత్తరం పంపండి, కాపీ మీద ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకోండి. దాంతోపాటు 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మలక్‌పేట, నాగోల్ కార్యాలయాల పరిధిలో గత ఐదేళ్లలో 55వ సెక్షన్ కింద ఏటా ఎన్ని కార్ల రిజిస్ట్రేషన్ రద్దయింది? అందులో ప్రమాదం వల్ల రద్దయినవెన్ని? బీమా కంపెనీలు తెలిపితే రద్దయినవెన్ని? ఈ మూడు ప్రశ్నలూ చాలు. జవాబుకు గడువు 30 రోజులు. వచ్చిన జవాబును కాలనీ నోటీసు బోర్డు మీద అంటించండి.