మార్కెట్ యార్డులో అవశేషాల పరీక్ష: రంధ్రయుత పదార్థాలపై ఒక పరిశీలన

తెల్లవారుజామున కోసిన బెండకాయ సాయంత్రానికి వంటింటికి చేరుతుంది. అందులోని పురుగుమందు అవశేషాల నివేదిక ప్రయోగశాల నుండి వచ్చేసరికి ఆ కాయ మిగిలి ఉండదు. మాస్ స్పెక్ట్రోమెట్రీతో జతచేసిన క్రొమటోగ్రఫీ ఫలితాలు నమ్మదగినవే. కానీ ఆ యంత్రాలు ఖరీదైనవి, నమూనా శుద్ధికి సమయమూ నిపుణులూ కావాలి. కూరగాయలపై మోనోక్రోటోఫాస్ వాడకాన్ని 2005లోనే నిషేధించారు. ఆ నిషేధం అమలవుతున్నదా అన్నది తెలియవలసిన చోటు మార్కెట్ యార్డు.

ఈ లోటును లోహ-కర్బన చట్రాలు తీర్చగలవన్న ఆశ పెరుగుతున్నది. 2025 రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి కిటగావా, రాబ్సన్, యాఘీలకు ఈ చట్రాల రూపకల్పనకే లభించింది. లోహ అయాన్లను కర్బన అణువులతో అనుసంధానించగా ఏర్పడే ఈ స్ఫటికాలలో గ్రాముకు వేల చదరపు మీటర్ల అంతర్గత ఉపరితలం ఉండగలదు. కొన్ని చట్రాలు అతినీలలోహిత కాంతిలో మెరుస్తాయి. పురుగుమందు అణువు రంధ్రంలో చేరినపుడు ఆ మెరుపు మారుతుంది; ఆ మార్పును కాగితపు పట్టీపైనే చూడవచ్చు.

అయితే శుద్ధ ద్రావణంలో సాధించిన సున్నితత్వం గోంగూర రసంలో నిలుస్తుందా? పత్రహరితం ఆ కాంతిని తానే గ్రహిస్తుంది, తానూ ఎర్రగా ప్రతిదీప్తి చెందుతుంది. బెండ జిగురు రంధ్రాలకు అడ్డుపడవచ్చు. మందు లేకున్నా మెరుపు తగ్గితే నష్టపోయేది రైతే. తిరస్కరించిన టమాట మరునాటికి ధర పలకదు. కాయలకు మందు కలిపి వెంటనే పరీక్షించే పద్ధతీ చాలదు. ఇమిడాక్లోప్రిడ్ వంటి అంతర్వాహిక మందు పొలంలో కణజాలంలోకి చేరుతుంది, దానిని వెలికితీయడం వేరే పని. కనుక పిచికారీ చేసిన పొలం నుండి, కోతకు ముందు వేచి ఉండవలసిన గడువు లోపలా తరువాతా సేకరించిన నమూనాలతో, పంటవారీగా ఫలితాలు ప్రకటించాలి. ప్రయోగశాల పత్రాలలో సాధారణంగా కొరవడుతున్నది ఇదే.

గరిష్ఠ అవశేష పరిమితి పంటకూ మందుకూ మారుతుంది. ప్రత్యేకంగా నిర్ణయించని చోట కిలోకు 0.01 మిల్లీగ్రాము వర్తిస్తుంది. మెరుపు తగ్గిందన్నంత మాత్రాన ఏ మందు, ఎంత అన్నది తేలదు. కాబట్టి పట్టీని జల్లెడగానే వాడాలి, తీర్పుగా కాదు. అది అనుమానించిన సరుకు నమూనాను అదే రోజు యంత్రపరీక్షకు పంపాలి, ఆ ఖర్చు రైతుపై పడరాదు. ఈ ఏర్పాటు లేకుండా పట్టీలను యార్డులకు పంచితే, దళారీ చేతిలో అవి ధర తగ్గించే సాధనాలుగా మారే ప్రమాదమున్నది.