పుట్టుకే అనుమానానికి ఆధారమా?

అమెరికా సుప్రీంకోర్టు 1982లో ‘ప్లైలర్ వర్సెస్ డో’ కేసులో ఇచ్చిన తీర్పులో భారతీయ పాఠకుడిని ఆపే పదం ఒకటుంది. పత్రాలు లేని వలసజీవుల చౌక శ్రమను వాడుకుంటూ, సమాజం అందించే ప్రయోజనాలకు వారిని దూరంగా ఉంచితే, వారు శాశ్వత ‘కులం’గా మిగిలిపోయే ప్రమాదం ఉందని న్యాయమూర్తి విలియం బ్రెన్నన్ హెచ్చరించారు. అలాంటి పిల్లల చదువుకు నిధులు నిరాకరిస్తూ టెక్సాస్ 1975లో చేసిన చట్టాన్ని ఆ తీర్పు 5-4 మెజారిటీతో కొట్టివేసింది. తల్లిదండ్రులు చేసిన పనికి పిల్లలను శిక్షించరాదన్నది దాని సారం.

నలభై మూడేళ్ల తరువాత అదే న్యాయస్థానం మరో దారి పట్టింది. 2025 జూలైలో లాస్ ఏంజెలెస్‌లోని ఒక ఫెడరల్ న్యాయమూర్తి వలస అధికారుల తనిఖీలకు హద్దు గీశారు. జాతి రూపురేఖలు, స్పానిష్ మాట్లాడడం లేదా ఇంగ్లీషును యాసతో పలకడం, కూలీల అడ్డా వంటి చోట ఉండడం, చేసే పని అన్న నాలుగింటి ఆధారంగానే ఎవరినీ ఆపరాదన్నారు. సెప్టెంబర్ 8న సుప్రీంకోర్టు మెజారిటీ కారణాలు వివరించకుండానే ఆ ఉత్తర్వును నిలిపివేసింది. జాతి ఒక్కటే అనుమానానికి చాలదు గానీ, ఇతర అంశాలతో కలిపి లెక్కలోకి తీసుకోవచ్చని న్యాయమూర్తి కావనా విడిగా రాశారు. న్యాయమూర్తి సోటోమేయర్ తన అసమ్మతి తీర్పులో దీనిని తీవ్రంగా నిరసించారు.

ఈ గుర్తులు మనకు కొత్తవి కావు. యాస, వాడ, వృత్తి చూసి మనిషి స్థానాన్ని తేల్చేయడం మన గ్రామాలకు తరతరాల అలవాటు. కులమూ జాతీ ఒక్కటేనని నేను అనను. కానీ పుట్టుకను నేరానికి ఆనవాలుగా చూసే తర్కం రెండింటిలోనూ ఉంది. అడ్డా మీద నిలబడిన ఇరవై ఏళ్ల లాటినో యువకుడు వలస వచ్చినవాడో, అక్కడే పుట్టిన పౌరుడో ఆపిన తరువాత గానీ తెలియదు. అప్పటికే అవమానం జరిగిపోతుంది.

సమస్య చట్టవిరుద్ధ వలసదేనని వాదించేవారు చరిత్ర చూడాలి. 1940లలో కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీలో మెక్సికన్ సంతతి పిల్లలకు వేరు బడులు ఉండేవి. వారిలో అమెరికా పౌరులూ ఉన్నారు. భాష రాదన్నది సాకు. మెండెజ్ కుటుంబం పోరాడి 1947లో అప్పీలు కోర్టులోనూ గెలిచింది. చిన్ననాడే వచ్చి పెరిగిన యువతకు 2012లో మొదలైన ‘డాకా’ పథకం తాత్కాలిక రక్షణే ఇచ్చింది. పౌరసత్వానికి దారి చూపలేదు.

‘మేం వీసాతో వచ్చాం, వారితో మాకేం పోలిక’ అనే ప్రవాస తెలుగువారికి 1923 నాటి భగత్ సింగ్ థింద్ కేసును గుర్తు చేస్తాను. అగ్రకుల ఆర్యుడిని కనుక తెల్లవాడినేనని ఆయన వాదించారు. సుప్రీంకోర్టు అంగీకరించలేదు. జాతి వివక్ష ముందు కులగర్వం అక్కరకు రాలేదు.

వలసలను నియంత్రించే అధికారం ఏ ప్రభుత్వానికైనా ఉంది. ఆ అధికారం వ్యక్తి చేసిన పనిపై ఆధారాలతో నడవాలి గానీ, అతడి రంగుతో, నోటి మాటతో, చేతి పనితో కాదు. లాటినో యువత పక్షాన ఈ మాట అనలేని ప్రవాసి, రేపు తన యాసను ఎవరైనా అనుమానిస్తే ఏ సూత్రాన్ని ఆశ్రయిస్తాడు?